స్టీఫెన్ కింగ్ పుస్తకాల్లో మొదట ఏది చదవాలి?

భయానక కథలకు పేరుపడ్డ అమెరికన్ రచయిత స్టీఫెన్ కింగ్ నవలలు అరవైకి పైనే ఉన్నాయి. కథల సంపుటాలు వేరే. పుస్తకాల షాపులో ఆయన పేరున్న అర ముందు నిలబడితే, సినిమా వల్ల పేరు తెలిసిన పుస్తకం మీదకే చెయ్యి పోతుంది. నాకూ అలాగే జరిగింది. డిగ్రీ రెండో సంవత్సరంలో దాచుకున్న డబ్బులతో 'ఇట్' కొన్నాను. పదకొండు వందల పేజీలు. రెండు వందల దగ్గర ఆగిపోయాను. ఈ రచయిత నాకు పడడని తేల్చేసుకుని ఐదారేళ్లు ఆయన జోలికి పోలేదు. తర్వాత ఒకసారి రైల్లో, పక్క బెర్తు పెద్దాయన చదివి పెట్టేసిన 'ది గ్రీన్ మైల్' అడిగి తీసుకున్నాను. విజయవాడలో ఎక్కినవాణ్ణి నాగపూర్ వచ్చేదాకా తల ఎత్తలేదు. రచయిత అప్పుడూ ఇప్పుడూ ఒకరే. నేను తప్పు తలుపు తట్టి వెనక్కి వచ్చేశాను, అంతే. ఇంకొకరికి అలా జరగకూడదని ఇది రాస్తున్నాను.

కింగ్ నవలల్లో దెయ్యం ఆలస్యంగా వస్తుంది. ముందు ఒక ఇంటిని చూపిస్తారు. ఆ ఇంటాయన ఉద్యోగం ఎందుకు పోయింది, భార్యతో ఏ విషయంలో మాట పట్టింపు, పిల్లాడికి ఏ బొమ్మ ఇష్టం, అన్నీ చెబుతారు. మనం ఆ ఇంట్లో మనిషైపోయాక అప్పుడు గుమ్మంలో ఏదో నిలబడుతుంది. యండమూరి 'తులసిదళం' చదివి రాత్రి లైటు ఆర్పడానికి జంకిన తరం మనకుంది. అక్కడ చేతబడి బయటి నుంచి వస్తుంది, పాపను దక్కించుకోవడానికి వైద్యం, మంత్రం రెండూ పోరాడతాయి. కింగ్ కథల్లో మంత్రగాడు దాదాపు కనిపించడు. గోడలో ముందే ఒక బీట ఉంటుంది. తాగుడో, అప్పో, ఎవరికీ చెప్పుకోని ఏడుపో. చెడు ఆ బీటలోంచి లోపలికి వస్తుంది. అందుకని ఏది బాగా భయపెడుతుందని వెతికితే మీ పుస్తకం దొరకదు. ఎవరి ఇంటి కష్టం మీరు కొన్నాళ్లు మోయగలరో చూసుకుని ఎంచుకోవాలి.

## ఎంచుకునే ముందు

మొదటిది ఓపిక. కింగ్ నెమ్మదిగా మొదలుపెడతారు. కొన్ని నవలల్లో నూరు పేజీల దాకా 'ఏమీ జరగదు'. ఆ నూరు పేజీలే నాకు ఇష్టం, కానీ అందరికీ ఉండాలని లేదు.

రెండోది ఇంగ్లీషు. ఆయన వాక్యం కష్టమైంది కాదు. డిక్షనరీ కన్నా మనల్ని ఎక్కువ ఆపేవి అమెరికా బ్రాండు పేర్లు, పాత పాటలు, బేస్‌బాల్ ముచ్చట్లు, ఆయన సొంత రాష్ట్రం మెయిన్ (Maine) యాస. ఇవి అర్థం కాకపోతే దాటేయండి, కథ ఎక్కడా తెగదు. తెలుగు మీడియంలో చదివి వచ్చిన స్నేహితులకు ఇదే చెబుతుంటాను: ప్రతి పేరూ ఫోన్‌లో వెతుక్కుంటూ కూర్చుంటే భయం చల్లారిపోతుంది.

మూడోది మనసు మీద పడే బరువు. పసిపిల్లల చావు, భార్య మీద చెయ్యి చేసుకోవడం, తాగుడు, ఉరిశిక్షలాంటి సంగతులు ఆయన పుస్తకాల్లో మొహం తిప్పుకోనివ్వకుండా ఉంటాయి. ఇంట్లో ఈ మధ్యే ఏదైనా నష్టం జరిగి ఉంటే దీన్ని మిగతా అన్నిటికన్నా ముందు చూడండి.

నాలుగోది, సినిమా ముందే చూశారా లేదా. ఐదోది ముగింపు. అంత బాగా మొదలుపెట్టి చివర్లో జారవిడుస్తారన్న మాట కింగ్ మీద ఎప్పటి నుంచో ఉంది. కొన్ని పుస్తకాల విషయంలో అది నిజమే.

| పుస్తకం | ఏడాది | సైజు | కథ పట్టు దొరికేది | ఇంగ్లీషు | మనసు మీద బరువు |
|---|---|---|---|---|---|
| సేలమ్స్ లాట్ | 1975 | మధ్యస్థం | వంద పేజీల తర్వాత | కాస్త కష్టం, పాత్రలు చాలా | మధ్యస్థం |
| ది షైనింగ్ | 1977 | మధ్యస్థం | మొదటి నుంచీ, కొద్దికొద్దిగా | ఫర్వాలేదు | ఎక్కువ |
| నైట్ షిఫ్ట్ (కథలు) | 1978 | చిన్న కథలు 20 | వెంటనే | తేలిక | కథను బట్టి |
| పెట్ సెమటరీ | 1983 | మధ్యస్థం | సగం దగ్గర | తేలిక | చాలా ఎక్కువ |
| ఇట్ | 1986 | 1,100 పేజీలకు పైన | మొదటి అధ్యాయంలోనే, తర్వాత విడతలుగా | కష్టం | ఎక్కువ |
| ది గ్రీన్ మైల్ | 1996 | మధ్యస్థం, ఆరు భాగాలు | మొదటి భాగంలోనే | తేలిక | ఎక్కువ |
| 11/22/63 | 2011 | 800 పేజీలకు పైన | మొదటి 50 పేజీల్లో | తేలిక | మధ్యస్థం |

## ది షైనింగ్: మంచి నాన్న కావాలనుకున్న మనిషి

జాక్ టోరెన్స్ స్కూలు టీచరు, రచయిత. కోపంలో తన దగ్గర చదివే కుర్రాణ్ణి కొట్టి ఉద్యోగం పోగొట్టుకున్నాడు. అంతకు ముందు తాగిన మైకంలో కన్నకొడుకు చెయ్యి విరగ్గొట్టాడు. ఇప్పుడు తాగుడు మానేశాడు. కొలరాడో కొండల్లో చలికాలమంతా మూసి ఉండే ఓవర్‌లుక్ హోటల్‌కి కాపలా మనిషిగా, భార్య వెండీనీ ఐదేళ్ల డానీనీ వెంటబెట్టుకుని వెళతాడు. మంచు పడితే దారులు మూసుకుపోతాయి. డానీకి ఇతరుల మనసులో ఉన్నది, జరిగినది, జరగబోయేది కనిపిస్తాయి.

1974లో కింగ్ దంపతులు కొలరాడోలోని ఎస్టెస్ పార్క్‌లో స్టాన్లీ హోటల్‌లో ఒక రాత్రి ఉన్నారు. చలికాలానికి హోటల్ మూసే సమయం. అంత పెద్ద భవనంలో అతిథులు వాళ్లిద్దరే. నవల అక్కడే పుట్టింది. కానీ ఈ పుస్తకానికి అసలు ఊపిరి పోసింది ఇంకొకటి. తాగుడుకు బానిసైన టీచరు గురించి రాస్తూ, తన గురించే రాసుకుంటున్నానని అప్పట్లో తనకు తెలియలేదని కింగ్ తర్వాత తన రచనా జీవితం మీద రాసుకున్న 'ఆన్ రైటింగ్'లో చెప్పుకున్నారు. అది తెలిశాక చదివితే జాక్ మీద కోపం నిలవదు. హోటల్ కింద పాత బాయిలర్ ఉంటుంది. దాని ఒత్తిడి తనంతట తానే పెరుగుతూ ఉంటుంది, రోజూ వెళ్లి తగ్గించాలి, మరిచిపోతే పేలుతుంది. తాగుడు మానిన మనిషి గుండె గురించి ఇంతకన్నా బాగా చెప్పిన నవల నేను చదవలేదు.

దర్శకుడు కూబ్రిక్ 1980లో తీసిన సినిమా చూసినవాళ్లు 'కథ తెలుసు కదా' అంటారు. తెలియదు. సినిమాలో జాక్ మొదటి సీను నుంచే తేడాగా కనిపిస్తాడు. పుస్తకంలో కొడుకంటే ప్రాణం పెట్టే తండ్రి మన కళ్ల ముందే చేజారిపోతాడు. ముగింపు కూడా వేరు. ఆ సినిమా తనకు నచ్చలేదని కింగ్ చాలాసార్లు చెప్పారు. 1997లో టీవీ కోసం తానే మళ్లీ రాసుకున్నారు. అందువల్ల సినిమా చూసి ఉండటం ఈ పుస్తకానికి అడ్డం కాదు.

తాగుడు ఉన్న ఇంట్లో పెరిగినవాళ్లకు ఇది ఎంత దగ్గరగా అనిపిస్తుందో అంతే గుచ్చుకుంటుంది. రాత్రి తలుపు చప్పుడును బట్టి నాన్న ఏ స్థితిలో వచ్చాడో పసిగట్టే పిల్లలు మనలో తక్కువమంది లేరు. డానీ అలాంటి పిల్లాడు.

## పెట్ సెమటరీ: చదవొద్దని చెప్పే పరిస్థితి ఉన్న ఒకే పుస్తకం

లూయిస్ క్రీడ్ డాక్టరు. భార్య రేచల్, కూతురు ఎల్లీ, నడక నేర్చిన వయసు కొడుకు గేజ్, చర్చ్ అనే పిల్లి. మెయిన్ రాష్ట్రంలో లడ్లో అనే ఊరికి మారతారు. ఇంటి ముందు రోడ్డు మీద లారీలు ఆగకుండా పోతుంటాయి. ఇంటి వెనక కొండదారిలో, ఆ రోడ్డు మీద చచ్చిపోయిన కుక్కల్నీ పిల్లుల్నీ ఊరి పిల్లలు పాతిపెట్టుకునే చోటు ఉంటుంది. బోర్డు మీద స్పెల్లింగ్ తప్పు రాశారు (Cemetery బదులు Sematary), పుస్తకం పేరులో ఉన్నది ఆ తప్పే. దాన్ని దాటి అడవిలోకి ఇంకా వెళితే ఇంకో నేల ఉంది. అక్కడ పాతితే పోయినవి తిరిగి వస్తాయి. పోయినప్పుడు ఉన్నట్టు మాత్రం రావు.

కింగ్ కుటుంబం నిజంగానే మెయిన్‌లోని ఆరింగ్టన్‌లో అలాంటి రోడ్డు పక్కన ఉండింది. కూతురి పిల్లి ఆ రోడ్డు మీదే చచ్చిపోయింది. రాశాక ఇది మరీ దారుణంగా ఉందని కింగ్ పక్కన పెట్టేశారు. పాత ప్రచురణకర్తలకు ఒక పుస్తకం ఇవ్వాల్సి ఉండటంతోనే ఇది బయటికి వచ్చింది.

భయం కోసం ఒకే ఒక్క పుస్తకం అడిగితే నేను దీన్నే చెబుతాను. తెలివైన మనిషి, డాక్టరు, తప్పని తెలిసీ ఒక్కో అడుగూ వేస్తుంటే మనం ఆపలేం. ఇంకా ఘోరం ఏమిటంటే, అతని చోట మనమున్నా అదే చేస్తామని లోపల తెలుస్తూ ఉంటుంది. నేను పెళ్లికి ముందు చదివాను. మా పాప పుట్టాక మళ్లీ తీశాను, సగం దగ్గర పక్కన పెట్టేశాను. ఇంకా తెరవలేదు.

పసిబిడ్డ ఉన్న ఇంట్లో, లేదా ఈ మధ్య ఎవరినైనా పోగొట్టుకున్న ఇంట్లో దీన్ని ఇప్పుడు మొదలుపెట్టకండి. రేచల్ చిన్నప్పుడు జబ్బుతో పోయిన అక్క జెల్డా గురించిన పేజీలు కూడా, మంచాన పడ్డవారికి సేవ చేసినవాళ్లకు చాలా కష్టంగా ఉంటాయి.

## ది గ్రీన్ మైల్: నేను ఎక్కువమందికి ఇచ్చేది

1996 మార్చి నుంచి ఆగస్టు దాకా నెలకొక చిన్న పుస్తకంగా ఆరు భాగాల్లో వచ్చిన నవల ఇది. మొదటి భాగం అంగట్లోకి వచ్చేసరికి కింగ్ చివరిది రాయనే లేదు. వారపత్రికలో సీరియల్ కోసం ఎదురుచూసిన మన అమ్మలకూ పిన్నులకూ ఈ పద్ధతి కొత్తేమీ కాదు. ప్రతి భాగం మొదట్లో ముసలివాడైన పాల్ ఎడ్జ్‌కూంబ్ వెనకటిది కాస్త గుర్తు చేసి ముందుకు వెళతాడు. అందుకని వారం రోజులు వదిలేసి మళ్లీ పట్టుకున్నా దారి తప్పదు. రోజుకు ఇరవై పేజీలే చదవగలిగేవాళ్లకు ఇది పెద్ద సాయం.

కథ 1932లో, మరణశిక్ష పడ్డ ఖైదీల్ని ఉంచే జైలు విభాగంలో జరుగుతుంది. విద్యుత్ కుర్చీ దాకా ఉన్న ఆకుపచ్చ నేలనే గ్రీన్ మైల్ అంటారు. ఇద్దరు ఆడపిల్లల్ని చంపాడని శిక్ష పడ్డ జాన్ కాఫీ అనే భారీ మనిషి అక్కడికి వస్తాడు. అతని చేతిలో జబ్బు నయం చేసే శక్తి ఉంది, చీకటంటే అతనికి భయం. ఇక్కడ దెయ్యాలు లేవు, అద్భుతం ఉంది. భయపడాల్సింది మనుషులకే. పెర్సీ అనే గార్డు పంతానికి చేసే ఒక పని ఏ పిశాచమూ చేయదు, ఆ మరణశిక్ష ఘట్టం చదవడానికి గుండె గట్టిది ఉండాలి.

ఒక లోటు చెప్పాలి. నల్లజాతి మనిషిని తెల్లవాళ్ల కష్టాలు తీర్చే మహిమగలవాడిగా చూపించి, అతని సొంత జీవితాన్ని ఖాళీగా వదిలేశారన్న విమర్శ ఉంది. అది న్యాయమైన విమర్శే. కాఫీ ఎక్కడి నుంచి వచ్చాడో, ఎవరి కొడుకో మనకు చివరిదాకా తెలియదు. ఇంకో సంగతి, 1999 సినిమా పుస్తకాన్ని చాలా దగ్గరగా పట్టుకుని నడుస్తుంది. సినిమా బాగా గుర్తున్నవాళ్లకు ఈ పుస్తకంలో కొత్తగా దొరికేది తక్కువ.

## సేలమ్స్ లాట్, ఇట్: ఊరే కథ అయినప్పుడు

ఈ రెండిటినీ పక్కపక్కన పెట్టి చూడాలి. రెండిట్లోనూ మెయిన్‌లో ఒక చిన్న ఊరు, అందరికీ తెలిసినా ఎవరూ నోరు విప్పని చెడు ఉంటాయి.

'సేలమ్స్ లాట్'లో రక్తం తాగే పిశాచి ఊరికి వస్తుంది. స్కూల్లో 'డ్రాక్యులా' పాఠం చెబుతున్న రోజుల్లో, అలాంటివాడు ఇప్పటి అమెరికాలో దిగితే ఎలా ఉంటుందన్న ఊహ నుంచి కింగ్ దీన్ని రాశారు. పాత్రలు చాలా ఎక్కువ. పాలవాడు, చర్చి ఫాదరు, అద్దెగది ఇచ్చే ఆవిడ, ఫోన్‌లో ఊరి ముచ్చట్లు మోసే ఆవిడ. మొదటి వంద పేజీలు పేర్లు ఒక కాగితం మీద రాసుకోండి, పని తేలికవుతుంది. పల్లెలో పెరిగినవాళ్లకు ఇందులో ఒక ఘాటైన దుఃఖం దొరుకుతుంది. ఒక్కో ఇంటి తలుపూ పగలు కూడా మూసే ఉంటుంది, ఎవరూ అడగరు. వలసల తర్వాత తాళాలు పడ్డ మా అమ్మమ్మగారి వీధే నాకు గుర్తొచ్చింది.

'ఇట్' అంతకన్నా చాలా పెద్దది. డెర్రీ అనే ఊళ్లో 1958లో ఏడుగురు పిల్లలు ఒకదాన్ని ఎదుర్కొంటారు. ఇరవై ఏడేళ్లకు అది మళ్లీ లేస్తుంది, పెద్దవాళ్లైన ఆ ఏడుగురూ మళ్లీ ఒక్కచోట చేరాలి. కథ రెండు కాలాల మధ్య ఊగుతూ ఉంటుంది, మధ్యలో ఊరి చరిత్ర కూడా వస్తుంది. నేను ఆగిపోయింది అక్కడే. రెండోసారి, ఆయనవి ఇంకో నాలుగు పుస్తకాలు చదివాక వెళితే ఆ అధ్యాయాలే బాగా నచ్చాయి. బాల్య స్నేహం మీద ఇంత ప్రేమగా రాసిన భయానక నవల వేరే నాకు తెలియదు. చివరి భాగంలో ఆ పిల్లల మధ్య పెట్టిన ఒక లైంగిక ఘట్టం మాత్రం నాకు ఏ రకంగానూ అవసరమనిపించలేదు. చాలామంది పాఠకులు కూడా అదే అన్నారు. టీనేజీ పిల్లలకు కొనిచ్చే ముందు పెద్దవాళ్లు చదివి నిర్ణయించుకోవాలి.

రెండిట్లో ముందు 'సేలమ్స్ లాట్'. ఇందులో నాకు అనుమానమే లేదు.

## 11/22/63: భయం పడనివాళ్లకు

దెయ్యం కథలే వద్దనేవాళ్లకు ఇచ్చి చూడండి. జేక్ ఎప్పింగ్ అనే ఇంగ్లీషు టీచరుకు ఒక చిన్న హోటల్ సామాన్ల గదిలో 1958 సెప్టెంబరు 9కి తీసుకెళ్లే దారి దొరుకుతుంది. అక్కడ ఎన్నేళ్లు గడిపినా ఇక్కడ రెండు నిమిషాలే. మళ్లీ వెళితే అంతకు ముందు మార్చినదంతా చెరిగిపోతుంది. 1963 నవంబరు 22న జరిగిన అమెరికా అధ్యక్షుడు కెనెడీ హత్యను (పుస్తకం పేరు ఆ తేదీయే) ఆపాలంటే ఐదేళ్లు అక్కడే బతకాలి. గతం మారడానికి ఒప్పుకోదు, అడ్డం పడుతూ ఉంటుంది.

పేరు చూసి రాజకీయ నవల అనుకోవద్దు. మధ్యలో టెక్సాస్‌లోని ఒక చిన్న ఊరి స్కూల్లో జేక్ పాఠాలు చెప్పడం, నాటకాలు వేయించడం, లైబ్రేరియన్ సేడీతో ప్రేమ, అదే పుస్తకానికి గుండెకాయ. లావుగా ఉన్నా టీచరే చెబుతున్న కథ కాబట్టి ఇంగ్లీషు తేలిగ్గా సాగుతుంది. ముగింపుకు సరైన దారి చూపింది తన కొడుకు, రచయిత జో హిల్ అని కింగ్ చెప్పారు. ఆయన నవలల్లో నాకు పూర్తిగా నచ్చిన ముగింపు ఇదే. కెనెడీని కాల్చిన ఆస్వాల్డ్ మీద జేక్ నిఘా పెట్టే పేజీలు మాత్రం సాగుతాయి.

## నైట్ షిఫ్ట్: టైం లేనివాళ్లకు

ఒక్కో కథ ఒక్కో రాత్రి. అన్నీ ఒకే స్థాయిలో ఉండవు. కొన్ని ఇప్పుడు పాతబడ్డాయి కూడా. అయినా ఆయన రుచి ఏమిటో తెలుసుకోవడానికి తక్కువ ఖర్చు దారి ఇది. 'ది బూగీమ్యాన్' రాత్రి చదవండి. 'ది లాస్ట్ రంగ్ ఆన్ ది ల్యాడర్' ఎప్పుడైనా చదవండి. అందులో అతీతశక్తి ఏదీ లేదు. గడ్డి కొట్టంలో నిచ్చెన ఎక్కి ఆడుకున్న ఒక అన్నాచెల్లెళ్ల కథ. అది చదివిన సాయంత్రం మా చెల్లికి ఫోన్ చేశాను.

## ఎవరు దేనితో మొదలుపెట్టాలి

ఇంగ్లీషు నవల ఇప్పటిదాకా ఒక్కటీ పూర్తి చేయనివాళ్లు 'ది గ్రీన్ మైల్' తీసుకోండి, సినిమా చూసి ఉంటే 'నైట్ షిఫ్ట్'. కుటుంబ కథలు, మనస్తత్వం ఇష్టపడేవాళ్లకు 'ది షైనింగ్'. చరిత్ర, ప్రేమకథ కావాలంటే 11/22/63. యండమూరి సీరియల్స్ మళ్లీ మళ్లీ చదివినవాళ్లు, నిజంగా వణకాలనుకునేవాళ్లు, పైన చెప్పిన హెచ్చరిక మీకు వర్తించకపోతే 'పెట్ సెమటరీ'.

1974లో వచ్చిన మొదటి నవల 'క్యారీ'తో వరసగా చదువుతామనేవాళ్లు ఉంటారు. చిన్న పుస్తకమే. చిత్తు కాగితాల బుట్టలో పడేసిన మొదటి పేజీల్ని ఆయన భార్య టాబిథా తీసి, పూర్తి చేయమని వెంటపడకపోతే అది వచ్చేదే కాదు. కానీ నివేదికలు, పుస్తక భాగాలు, వార్తా కత్తిరింపుల్ని అతికించిన రూపం వల్ల మొదటిసారి చదివేవాళ్లకు మనుషులు కాస్త దూరంగా అనిపిస్తారు. 'ది స్టాండ్' మహమ్మారి తర్వాతి ప్రపంచం మీద వచ్చిన మహా గ్రంథం. 1978లో కుదించి వేశారు, 1990లో పూర్తి రూపం వచ్చింది. దాన్నీ, 'డార్క్ టవర్' నవలల వరసనీ మొదటి ఏడాది పట్టుకోకండి. 'మిజరీ' గొప్ప నవలే కానీ అందులో అతీతమైనదేమీ లేదు.

కొన్నాక ఒక పని చేయండి. మొదటి యాభై పేజీలు రెండు మూడు రోజుల్లోపే చదివేయండి, పేర్లు గుర్తుండిపోతాయి. బస్సులో చదివితే తల తిరిగేవాళ్లకు ఆడియో పుస్తకాలున్నాయి. 'ది షైనింగ్' పూర్తయ్యాక డానీ ఏమయ్యాడో తెలుసుకోవాలనిపిస్తే, 2013లో వచ్చిన 'డాక్టర్ స్లీప్' ఉంది. అందులో డానీ పెద్దవాడై, తండ్రిలాగే తాగుడులో పడి, బయటపడాలని చూస్తూ ఉంటాడు. 'సేలమ్స్ లాట్' నచ్చితే 'నైట్ షిఫ్ట్'లో ఆ ఊరి మీదే ఇంకో రెండు కథలున్నాయి. వాటిలో 'వన్ ఫర్ ది రోడ్' నవల పూర్తి చేశాకే తెరవండి. మంచు తుఫానులో ఆ ఊరి దగ్గర కారు ఇరుక్కుపోయిన ఒక కుటుంబం కథ అది. ఆ దారి ఎటు పోతుందో వాళ్లకు తెలియదు, అప్పటికి మీకు తెలుసు.